సాఫ్ట్‌వేర్ మెచ్చిన మందమర్రి మేకలు

పది రోజుల సంది మా ఆఫీసుల నన్ను మేకల మేడమ్ అంటుండ్రు. అటెండర్ కూడ అంటుండు. నిన్న నీళ్ల బాటిల్ తెచ్చి టేబుల్ మీద పెట్టి, ఆకులు కూడ తెమ్మంటరా మేడమ్ అని అడిగి పోయిండు. నవ్వకు లక్ష్మక్కా, చాయ్ ఒలుకుతది. మొత్తం చెప్త, ఆఖర్ల మీరే చెప్పాలె, తప్పు నాదా, సాఫ్ట్‌వేర్‌దా, మా బావదా అని. నాదేనని నాకు ఎర్కే. అయినా అడుగుత.

నా నౌకరి ఏందో మీల సగం మందికి ఇప్పటికీ తెల్వదు. శైలజ గ్యాస్ కంపెనీల చేస్తదంటే, సిలిండర్ ఎప్పుడొస్తదని నాకు ఫోన్లు చేస్తరు. సిలిండర్లు కాదు తల్లీ. మన దిక్కు బొగ్గు పొరలల్ల గ్యాస్ ఉంటది గదా. మన నాయినలు బొగ్గు బాయిల దిగినప్పుడు ఏ గ్యాస్‌కు భయపడి దీపం పట్టుకొని చూసెటోళ్లో, గా గ్యాస్‌కే బోరేసి, పైకి గుంజి అమ్ముదమని మా ప్రైవేటు కంపెనీ హైదరాబాద్ నుంచి వచ్చింది. గోదావరిఖనిల ఒక డాబా ఇల్లు కిరాయికి తీస్కొని సైటాఫీసు అని బోర్డు పెట్టింది. బెడ్‌రూంల ఖాజా సార్ కూసుంటడు, ఆయన సైట్ ఇన్‌చార్జి. వంటింట్ల నేను కూసుంట, ప్లానింగ్ అసిస్టెంట్‌ను. నా కంప్యూటర్ పొయ్యి గట్టు మీద ఉంటది. గ్యాస్ కంపెనీ అంటే గట్లనే ఉండాలె మరి.

వచ్చిన కాణ్నుంచి చూస్తున్న, మీటింగులు మస్తయినయ్, ఒక్క బోరు పడలే. ఐదు జాగలైతే చూసి పెట్టిండ్రు. ఏ జాగల వేస్తే లాభమో, ఏ జాగల వేస్తే మునుగుడో ఎవ్వరు తేలుస్తలేరు. ఇగ పైనోళ్లకు ఓపిక అయిపోయింది. తేలకపోతే ఈ ఆఫీసు మూసేసి, మమ్ముల రాజస్థాన్ ఎడారిల ఉన్న ఇంకో సైటుకు పంపుతమన్నరు. నాకు గా మాట ఇన్నప్పటి సంది నిద్ర లేదు. మా ఆయన ఈడ ఓపెన్‌కాస్టుల డంపర్ నడుపుతడు. ఈ క్వార్టర్ మాకు వచ్చి ఏడాది కూడ కాలే, గోడలకు సున్నం నేనే దగ్గరుండి వేయించుకున్న. ఆయన ఈడ బొగ్గు దుమ్ము తిని, నేనాడ ఇసుక తింటే, సంసారం ఎవరు చేయాలె?

గా టైముల సాఫ్ట్‌వేర్ దిగింది. పెద్ద పెద్ద ఆయిల్ కంపెనీలు వాడేదట. ఏ బోరు మీద పైసలు పెట్టాలె, దేని మీద పెట్టొద్దు అని అదే చెప్తదట. మనిషి అయితే ఆశపడ్తడు, మొహమాట పడ్తడు, చుట్టరికం చూస్తడు, సాఫ్ట్‌వేర్‌కు గవేం ఉండవని ట్రైనింగ్‌ల గొప్పగ చెప్పిండ్రు. దానికి ఏ సంగతి చెప్పినా మూడు లెక్కల్ల చెప్పాలె. తక్కువల తక్కువ ఎంత, మామూలుగ ఎంత, ఎక్కువల ఎక్కువ ఎంత. ఈ మూడింటికి నడుమ ఎంత ఎడం ఉంటే గంత రిస్కు అంటది. ఎడం లేకపోతే రిస్కు లేదంటది. మంచిదే. పెండ్లి సంబంధాలు చూసెటప్పుడు ఇది ఉంటే బాగుండు.

ఇప్పుడు మా బావ ముచ్చట. మందమర్రిల ఉంటడు, రాజేశం బావ, మా అక్క మొగడు. అండర్‌గ్రౌండ్ బాయిల డ్యూటీ. క్వార్టర్ ఎన్క రేకుల షెడ్డు వేసి, మూడు మేకలు కట్టేసి, మందను పెంచుదం మరదలా, నువ్వు పార్ట్‌నర్‌వు ఉండు అని ఆర్నెల్ల సంది ఒక్కటే పాట. ప్రతి ఆదివారం ఫోను. వద్దంటే అక్క అలుగుతది. ఊ అంటే మా ఆయన అలుగుతడు. గందుకని ఒక ఉపాయం చేసిన. బావా, మా ఆఫీసుల కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, దాంట్ల పెట్టి చూసి చెప్త అన్న. ఆ ఆదివారం నుంచి నాకు ఆరాం. ఎప్పుడు అడిగినా, ఇంకా ప్రాసెసింగ్ల ఉంది బావా అంటున్న. ప్రాసెసింగ్ అన్నంక ఇగ ఎవ్వరు ఎదురు అడగరు. పాపం మా బావ, తొందర లేదు మరదలా, నిమ్మళంగ మంచిగ చూడుమను అనేటోడు.

ట్రైనింగ్ అయినంక, చెయ్యి తిరగాలె గదా, ఏదన్న ఒక ఉత్త ప్రాజెక్టు నింపి చూడుండ్రి అన్నరు. నాకు వేరే ఏం యాదికి రాలే. బావ మేకలనే ఎక్కిచ్చిన. మేకలు అని సక్కగ రాస్తే బాగుండదని ఎంకే-1 అని పేరు పెట్టిన, మా బోర్ల పేర్లు కూడ గట్లనే ఉంటయ్. జాగ ఏడ అని మ్యాప్ చూపిచ్చింది, అక్క క్వార్టర్ మీద వేలు పెట్టిన. లోతు ఎంత అన్నది. సున్న కొడితే ఒప్పుకోలే. మేకలు నీళ్లు తాగే తొట్టి యాదికొచ్చి ఒక మీటర్ అని రాసిన.

ఇగ లెక్కల కోసం బావకే ఫోన్ కొట్టిన. సాఫ్ట్‌వేర్ అడుగుతుందంటే ఆయన సంబురం చెప్పతరం కాదు. ఈతకు పిల్లలు తక్కువల తక్కువ ఎన్ని బావా అన్న. రెండు అన్నడు. ఎక్కువల ఎక్కువ? రెండే అన్నడు. నేను ఎంచి తెస్త గదా మరదలా, దాంట్ల తక్కువేంది ఎక్కువేంది అన్నడు. రోగమొచ్చి సచ్చేటియి ఎన్ని అంటే, నా చేతిల ఏ మేకా సావదు అన్నడు. ఏది అడిగినా మూడింటికి ఒక్కటే జవాబు. గ్యాస్ బోరుల ఏటేటా గ్యాస్ తగ్గుతది, ఎంత తగ్గుతదో రాయమన్నది. మేకలు ఏటేటా పెరుగుతయ్, పెరుగుడే రాసిన. ఆఖర్ల బోరు మూసేసే ఖర్చు ఎంత అని అడిగింది. గ్యాస్ బోరు ఎండిపోతే సిమెంటు పోసి మూయాలె, దానికి మస్తయితది. బావను అడిగిన, ఆఖర్ల ఖర్చెంత అయితది అని. ఆఖర్ల కోసుకునుడే గదా, ఖర్చేంది, ఎదురు పైసలొస్తయ్ అన్నడు. అట్లనే రాసిన. బటన్ నొక్కితే స్క్రీన్ మొత్తం పచ్చగయింది. ఒక్కదాన్నే కూసొని నవ్వుకున్న. దాచిపెట్టు అని ఒక గుర్తు ఉంటది, అది కొట్టిన, ఎంకే-1 మాయమైంది. మాయమైందంటే పోయిందనే అనుకున్న. మొగోళ్లు బట్టలు మంచం కిందికి తోసి ఇల్లు సర్దిన అంటరు గదా, గట్ల.

తర్వాత అసలు పని మొదలు. ఐదు బోర్లకు ఖర్చులు మేం నింపాలె. గ్యాస్ ఎంత వస్తదో, మేం పంపిన అంచనా చూసి హైదరాబాదోళ్లు నింపుతరు. రెండు కలిపిన లెక్క పెద్ద సారు వచ్చినప్పుడు మీటింగ్‌లనే చూస్తమన్నరు.

మీకు తెల్సు గదా, మన తాన లెక్క ఎట్ల పంపుతరో. పది అడిగితే పైనోళ్లు ఆరే ఇస్తరు. గందుకని ఆరు కావాల్నంటే పదడగాలె. ఇది మా ఖాజా సార్‌కు నమాజంత నియమం. బోరు వేసేటోడిని అడిగితే, ఆయన కోతకు కొంత కలిపి చెప్పిండు. లారీ ఆయన కోతకు కలిపిండు, రోడ్డు వేసే ఆయన వాన పడ్తదని ఇంకింత కలిపిండు. అన్ని కలిపి ఖాజా సార్ ముందట పెడితే, "అరె బేటీ, ఇట్ల పోతదా, పైన మొత్తం కోస్తరు" అని ఆయన మీదికెళ్లి ఇంకింత ఏసిండు. కంప్యూటర్ల ఎక్కిచ్చెటప్పుడు నేను సుత కలిపిన. బిడ్డకు బువ్వ పెట్టేటప్పుడు ఒక ముద్ద ఎక్కువేస్తం సూడు, గా ప్రేమతోని కలిపిన. ఎక్కువల ఎక్కువ ఎంత అన్న డబ్బాల అయితే, అడిగిండ్రు గదా అని మన్సుల మొక్కుకొని రాసిన. అందరం ఎడారి తప్పాల్నని చేసినం, ఎవ్వరికి చెడు బుద్ధి లేదు.

పది రోజుల కింద పెద్ద సారు వచ్చిండు. ప్రసాద్ సారు, వైస్ ప్రెసిడెంట్. హాల్‌ల గోడ మీదికి ప్రొజెక్టర్ వేసినం. కూసునుడు కూసునుడే, "ఇవాళ సాఫ్ట్‌వేర్ చెప్పిందే ఫైనల్. ఒక్క ప్రాజెక్ట్ అయినా గ్రీన్‌లో ఉంటే ఆఫీస్ ఉంటుంది. లేకపోతే లేదు" అన్నడు. ఆయన తన చేతితోనే మౌస్ పట్టుకొని, అన్నిటికి ర్యాంకులియ్యి అనే బటన్ కొట్టిండు. దాచింది, దాయనిది, అన్నీ అన్నట్టు. గా బటన్ నాకు ట్రైనింగ్‌ల చూపియ్యలే. చూపిచ్చిండ్రట, గప్పుడు నేను చాయ్‌కి పోయిన్నట.

గోడ మీద లిస్టు పడ్డది. కింద ఐదు ఎర్రగ, మిరపకాయలు ఎండపోసినట్టు. మీద ఒక్కటి పచ్చగ. ఎంకే-1, మందమర్రి.

నేను ఆ పేరు రెండుసార్లు చదివిన. సారు మొఖం మాత్రం వెలిగిపోయింది. రిస్కు సున్న అన్నడు. ఉత్పత్తి ఏటేటా పెరుగుతోంది అన్నడు, ఇన్నేండ్ల సర్వీసుల ఇట్లాంటి గ్రాఫు చూడలేదన్నడు. మూసేసేటప్పుడు కూడ ఎదురు పైసలొచ్చే బోరు ప్రపంచంల ఏడ లేదన్నడు. నిజమే, ఏడ లేదు. ఈ లొకేషన్ సంగతి నాకెందుకు చెప్పలేదని ఖాజా సార్‌ను అడిగిండు. ఖాజా సార్‌కు ఎంకే-1 అంటే ఏందో తెల్వదు. కాని ఆయన తన నౌకరి మొత్తంల పెద్ద సారుకు కాదు, లేదు, తెల్వదు అనే మూడు మాటలు చెప్పలే. ఔ సార్, మస్తు మంచి లొకేషన్ సార్ అన్నడు.

నేను లేసి నిలబడ్డ. సార్, ఎంకే-1 గురించి జెర చెప్పాలె అన్న. ఇది నువ్వు చేసిన ఎంట్రీయా అని అడిగిండు. ఔను సార్ అన్న. "వెరీ గుడ్. ఇంత క్లియర్‌గా డేటా ఇచ్చినవాళ్లను ఇప్పటిదాకా చూడలేదు" అన్నడు. ఈ కంపెనీల చేరినంక నాకు దొరికిన మొదటి వెరీ గుడ్ అది. వాపస్ ఇయ్యబుద్ధి కాలే. అది గాక, ఎంకే-1 తీసేస్తే గోడ మీద మిగిలేది ఎర్ర రంగు. ఎర్ర రంగంటే ఎడారి. నోరు మూసుకొని కూసున్న.

నేను కూసునేసరికి ఆయన లేసిండు. మ్యాప్‌ల జాగ చూపిస్తుంది, దగ్గర్నే ఉంది, పోయి చూసొద్దాం అన్నడు. పోదాం సార్ అన్నడు ఖాజా సార్. నా మీద మన్ను పోసినట్టయింది.

కారు ఎక్కినం. నెత్తికి హెల్మెట్లు, ఒంటికి నారింజ జాకెట్లు, కాళ్లకు సేఫ్టీ బూట్లు. మేకల కాడికి గింత రక్షణతోని పోయినోళ్లు మేమే. పెద్ద సారు ముందట, నేను, ఖాజా సార్ ఎన్క. గోదారి బ్రిడ్జి మీద ఖాజా సార్ చెవుల మెల్లగ చెప్పేసిన. ఆయన కండ్లు మూసుకొని యా అల్లా అన్నడు. మంచిర్యాల దాటేదాక తెరవలే. తెరిచి ఏమన్నడో చెప్పుండ్రి. మేకలు దేశవాళివేనా అని అడిగిండు. మనిషికి దెబ్బకు మతి తప్పిందనుకున్న.

బావ అప్పుడే ఫస్టు షిఫ్టు దిగి, తానం చేసి, లుంగీ మీద ఉన్నడు. ఇంటి ముందట పెద్ద కారు, దాంట్లకెళ్లి హెల్మెట్లు దిగుడు చూసిండు. మొఖం ఇట్ల విచ్చుకుంది. సాఫ్ట్‌వేర్ తేల్చింది, మరదలు పార్ట్‌నర్‌షిప్‌కు ఆఫీసునే పట్కొచ్చింది అని ఆయన లెక్క. అక్కను పిలిచి కుర్చీలు తెమ్మన్నడు. సారు ఫోన్‌ల మ్యాప్ చూసుకుంట, పాయింట్ ఎక్కడ అని అడిగితే, ఎన్కకు రాండ్రి సార్ అని తీస్కపోయిండు.

షెడ్డుల మూడు మేకలు, ఒక తొట్టి. సారు ఫోన్ చూసిండు, మేకలను చూసిండు, మళ్ల ఫోన్ చూసిండు. ఇగ దాస్తే దాగేది కాదు.

"సార్, ఎంకే-1 ఇదే సార్. ఎంకే అంటే మేకలు."

ఎవ్వరు ఏం మాట్లాడలే. ఒక మేక మాట్లాడింది. మీరు ఇప్పుడు, మేక పోయి సారు చేతిల రిపోర్టు తిన్నదని అనుకుంటుండ్రు. తినలే. వాసన చూసి మొఖం తిప్పుకుంది. అది కూడ నమ్మలే.

నాకు ఏడుపు ఆగలే. సార్, నన్ను ఏమన్న చెయ్యుండ్రి, ఆఫీసు మాత్రం ముయ్యకుండ్రి అని పెద్దమనిషి లెక్క అందామనుకున్న. నోట్లెకెళ్లి మాత్రం, ఎడారి వద్దు సార్ అనే వచ్చింది. ట్రైనింగ్‌ల ఉత్తగ నింపిన సార్, మా బావ పార్ట్‌నర్ ఉండుమని సతాయిస్తుంటే, తప్పించుకుందామని సాఫ్ట్‌వేర్ పేరు చెప్పిన సార్, ప్రాసెసింగ్ లేదు, ఏం లేదు సార్ అని మొత్తం కక్కేసిన. కక్కినంక చూస్తే పక్కన బావ నిలబడి ఉన్నడు. చేతిల చాయ్ గిలాసలు. ఆయన మొఖం ఒక్కపాలి చిన్నగయింది. సారుకంటే ఎక్కువ గా మొఖమే నాకు ఇప్పటికీ గుచ్చుతుంది.

సారు హెల్మెట్ తీసి మంచం మీద కూసున్నడు. తిడ్తడనుకున్న, తిట్టలే. చాయ్ సగం తాగి, మేకల సంగతి అటుంచండి, మిగతా ఐదు ఎందుకు మునిగాయి అని అడిగిండు. ఖాజా సార్ జిందగీల మొదటిసారి నిజం చెప్పిండు. మీరు కోస్తరని మేం కలిపినం సార్ అన్నడు. కోయడం మానేయడానికే కదా సాఫ్ట్‌వేర్ తెచ్చింది అన్నడు సారు. మాకు ఎవరు చెప్పిండ్రు సార్ అన్నడు ఖాజా సార్. సారు గిలాస కింద పెట్టిండు. ఆ తర్వాత మెల్లగ, సైట్లోవాళ్లు గ్యాస్ ఎప్పుడూ ఎక్కువ చెప్తారని, హైదరాబాద్‌లో మేం సగానికి కోసి నింపాం అన్నడు. అంటే మేం ఖర్చు పెంచినం, వాళ్లు గ్యాస్ తగ్గించిండ్రు. నడుమ బోరు ఏం జేస్తది పాపం, మునుగుతది.

గప్పుడు మా బావ గొంతు సవరించుకొని, అంటే గంత పెద్ద సాఫ్ట్‌వేర్ల నిజం చెప్పింది నేనొక్కన్నేనా సార్ అన్నడు. నా చేతిల ఏ మేకా సావదన్న మనిషి. పోయినేడు కోళ్లు పెట్టి ఒక్క వారంల షెడ్డు ఖాళీ చేసుకున్న మనిషి. సారు మాత్రం లేసి ఆయనకు చెయ్యి కలిపిండు.

ఇగ ఆఫీసుకొచ్చి అందరం మళ్ల కూసొని, కలుపుడు లేకుండ మేం, కోసుడు లేకుండ వాళ్లు, ఐదు బోర్లకు కొత్తగ లెక్కలు నింపినం. కలపకుండ రాస్తుంటే ఖాజా సార్, బట్టలు లేకుండ బజార్ల నిలబెట్టినట్టుందన్నడు. నొక్కితే రెండు పచ్చగ వచ్చినయ్. ఆఫీసు ఉంటది. వచ్చే నెల మొదటి బోరుకు కొబ్బరికాయ కొడ్తరట. నాకు ఎడారి తప్పింది, ఈ పేరు మాత్రం తప్పలే. హైదరాబాద్ నుంచి అన్ని సైట్లకు ఒక ఆర్డర్ కూడ వచ్చింది, నాలుగు కాళ్లున్న ప్రాజెక్టులు సిస్టంల ఎక్కియ్యొద్దని. నా పేరు రాయలే. రాయకున్నా అందరికి ఎర్కే.

ఇంత జరిగినంక నా మన్సు ఒప్పుకోలే. మా ఆయనకు చెప్పిన, గా మొఖం నేను చూడలేకపోయిన, బావతోని పార్ట్‌నర్ ఉందాం అని. ఆయన కూడ సరే అన్నడు. గ్యాస్ కంపెనీ సాఫ్ట్‌వేరే ఫస్టు ర్యాంకు ఇచ్చినంక కాదంటడా. ఆదివారం స్వీటు డబ్బా పట్టుకొని మందమర్రి పోయినం. నేను ముచ్చట ఎత్తితే బావ మీసం దువ్వుకున్నడు. పార్ట్‌నర్ మీరొచ్చిన రోజే దొరికిండు మరదలా అన్నడు. ఎవరు అంటే, మీ ఖాజా సారే అన్నడు. నేను కార్ల కూసొని ముక్కు చీదుకుంటుంటే, ఆయన షెడ్డు కాడ మేకల నోరు తెరిచి పండ్లు చూసి మాట పక్కా చేసుకున్నడట. నాకు మతి తప్పినట్టు కనబడ్డ మనిషి.

మరి నా సంగతేంది బావా అన్న. వంటింట్ల అక్క కిసుక్కున నవ్వింది. బావ మాత్రం నవ్వలే.

"నీ సంగతి సాఫ్ట్‌వేర్ల పెట్టి చూసి చెప్త మరదలా."

నిన్న మళ్ల ఫోన్ చేసిన. ఇంకా ప్రాసెసింగ్ల ఉన్నదట.